చార్లెస్ టేలర్ - తొలి విమాన మెకానిక్

ఆకాశయానమనగానే రైట్ సోదరుల పేర్లు అందరి నాలుకల మీదా ఆడతాయి. వారి విమానానికి ఇంజను నిర్మించి, దానిని పరీక్షించి, సరిచేసి పంపిన చార్లెస్ టేలర్ పేరు మరమ్మతు శాలల వెలుపల వినబడడం అరుదు.

టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో జన్మించాడు. పన్నెండవ ఏట బడి మాని ఒక వార్తాపత్రిక కార్యాలయంలో చిన్న పనులకు కుదిరాడు. పిదప యంత్రాల పని నేర్చి డేటన్ నగరం చేరాడు. 1901లో విల్బర్, ఆర్విల్ రైట్‌లు తమ సైకిళ్ళ దుకాణంలో గంటకు 30 సెంట్ల వేతనంపై ఆయనను నియమించారు.

తాము కోరినంత తేలికైన ఇంజను ఎవరూ చేసి ఇవ్వకపోవడంతో సోదరులు ఆ భారాన్ని టేలర్‌కు అప్పగించారు. లేతు, డ్రిల్లింగ్ యంత్రం, చేతి పనిముట్లు - ఇవే ఆయన సాధనసంపత్తి. కాగితం ముక్కలపై గీసిన బొమ్మలే ఆధారం. ఆరు వారాలలో సుమారు 12 అశ్వశక్తి గల నాలుగు సిలిండర్ల ఇంజను సిద్ధమైంది. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుక నేలపై తొలి విమానాన్ని 12 సెకండ్లపాటు ఎగురవేసినది ఆ ఇంజనే.

1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్‌లో ప్రొపెల్లర్ చీలి విమానం కూలింది. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. ప్రయాణికుడైన లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ మరణించాడు. ఇంజను విమానంలో ప్రాణం కోల్పోయిన తొలి వ్యక్తి అతడే. చెక్కలోని చిన్న చీలిక నిండు ప్రాణాన్ని బలిగొనగలదని నాడే లోకానికి తెలిసింది.

1911లో కాల్‌బ్రెయిత్ రోడ్జర్స్ అమెరికా ఖండాన్ని విమానంలో దాటే యత్నానికి పూనుకోగా, టేలర్ ప్రధాన మెకానిక్‌గా విడిభాగాల రైలులో వెంట వెళ్ళాడు. ఆ విమానం త్రోవలో పలుమార్లు కూలింది; మెకానికులు ప్రతిసారీ దానిని మరల ఎగిరేట్లు చేశారు.

విమానయానం మహాపరిశ్రమగా వర్ధిల్లింది గాని టేలర్ బ్రతుకు వర్ధిల్లలేదు. కాలిఫోర్నియాలో భూమిపై పెట్టిన ధనం పోయింది. వృద్ధాప్యంలో ఒక విమాన కర్మాగారంలో సామాన్య కార్మికునిగా పనిచేశాడు. 1955లో ఆయన లాస్ ఏంజెలెస్ ధర్మాసుపత్రిలో ఉన్నట్లు తెలిసి, పరిశ్రమవారు చందాలు పోగుచేసి మెరుగైన వైద్యాలయానికి మార్చారు. 1956 జనవరి 30న, 87 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. యాభై ఏళ్ళు సేవ చేసిన విమాన మెకానికులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పురస్కారానికి నేడు ఆయన పేరే ఉంది.

చౌక ధరల విమాన సంస్థల పుణ్యమా అని సామాన్యులు సైతం నేడు విమానమెక్కుతున్నారు. అటువంటి సంస్థలకు విమానం నేలమీద నిలిచిన ప్రతి నిమిషమూ నష్టమే. భోజనం, సామాను, ఆసనాల వసతి తగ్గించి టికెట్టు ధర తగ్గించవచ్చును. మరమ్మతు విషయంలో ఆ వెసులుబాటు లేదు. భద్రతా నిబంధనలు టికెట్టు ధరను బట్టి మారవు. మరమ్మతు జరిగిన విమానం మీద అర్హుడైన ఇంజనీరు సంతకం చేసిన పిదపనే అది ఎగరాలి. త్వరపెట్టే యాజమాన్యం ఎదుట, లోపమున్నచోట ఆ సంతకాన్ని నిరాకరించగల ధైర్యమే ప్రయాణికులకు రక్ష. సాంకేతిక విద్య నభ్యసించే మన సోదర సోదరీమణులు టేలర్ జీవితం నుండి పనితనాన్ని గ్రహించాలి. ఆ పనివారిని అవసానదశలో కాక, పనిలో ఉండగానే గౌరవించడం సమాజం నేర్వవలసిన పాఠం.