క్రికెట్ వీరుడు కొట్టారి కనకయ్య నాయుడు

సాయంకాలము బడి విడిచిన పిదప మన ఫరంపేటలో ఖాళీ స్థలము కనబడినచోటనెల్ల బాలురు బ్యాటు, బంతి పట్టుకొని చేరుదురు. ఆ ఆటలలో ఒక తగవు తరచుగ వినవచ్చును. బంతిని చక్కగా వేయగల బాలుడొకడు ఉండును. అందరును వానిచేతనే బంతులు వేయింతురు. వాని వంతు వచ్చుసరికి, బౌలరుకు బ్యాటెందుకని వేరొకడు దానిని లాగుకొనును. చీకటి పడును, ఆట ముగియును. ఆ బాలుడు బ్యాటు ముట్టకయే ఇంటికి పోవును. ఇది న్యాయమేనా? బంతి వేయువాడు తన వంతు బ్యాటు తానే పట్టవలెనా, అక్కరలేదా?

ఈ తగవు మన పేటకు మాత్రమే చెందినది కాదు. అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బంతి విసరువానిని పిచ్చరు అందురు. అతడు వేగముగ, వంకరగ బంతిని విసరుటలో నిపుణుడు. కాని బ్యాటు పట్టినప్పుడు తరచుగ వచ్చినంత త్వరగానే మరలిపోవును. అతని భుజమే జట్టుకు పెట్టుబడి గనుక, పరుగెత్తునపుడు అతడు గాయపడినచో నష్టము గొప్పదని కొందరు వాదించిరి. అందుచే 1973లో అమెరికన్ లీగువారు పిచ్చరుకు బదులు వేరొక ఆటగాడు బ్యాటు పట్టవచ్చునని నియమము చేసిరి. నేషనల్ లీగువారు చాలకాలము దీనిని ఒప్పుకొనలేదు. తుదకు 2022 నుండి వారును ఆ నియమమునే స్వీకరించిరి.

ఎవరికి వచ్చిన పని వారు చేయుట మేలను మాట వినుటకు ఇంపుగనే ఉండును. కాని వాదములకంటె ఒక జీవితము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పగలదు. అది మన తెలుగువాని జీవితము.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించిరి. వారి పూర్వులు మచిలీపట్నము ప్రాంతమునుండి వెళ్లినవారు. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు నాగపూరులో పేరుపొందిన న్యాయవాది. చుట్టును మరాఠీ, హిందీ వినబడు నగరమున ఒక తెలుగు ఇంట పుట్టి పెరిగిన బాలుడు దేశమునకే నాయకుడగునని ఆనాడు ఎవరు తలచియుందురు?

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందువుల జట్టు యూరోపియనులతో తలపడెను. నాయుడుగారికి అదియే మొదటి పెద్ద ఆట. వారికి లభించినది తొమ్మిదవ స్థానము. క్రికెట్టులో తొమ్మిదవవాడనగా సాధారణముగ బౌలరే. అతనినుండి పరుగులు ఎవరును ఆశింపరు. అప్పటికి జట్టు 79 పరుగులకే ఏడు వికెట్లు పోగొట్టుకొని దీనస్థితిలో నుండెను. నాయుడుగారు మొదటి మూడు బంతులను నిదానముగ అడ్డుకొనిరి. నాలుగవ బంతిని ఎత్తి సిక్సరు కొట్టిరి. తొమ్మిదవవాడు బ్యాటు పట్టనక్కరలేదను నియమము ఆనాడు ఉండినచో, ఆ సిక్సరు లేదు.

ఇచ్చట ఒక వింత చెప్పవలసియున్నది. బేస్‌బాల్ ఆటగాండ్రలో మిక్కిలి ప్రసిద్ధుడైన బేబ్ రూత్ కూడ 1895లోనే జన్మించెను. 1914లో బోస్టన్ జట్టున అతడు చేరినది పిచ్చరుగనే. ఆనాటి నియమము ప్రకారము పిచ్చరును బ్యాటు పట్టవలసియుండుటచేతనే అతని బలము లోకమునకు తెలిసెను. పిదప అతడు బంతి విసరుట తగ్గించి, జీవితకాలమున 714 హోమ్‌రన్లు కొట్టెను. ఒకే సంవత్సరమున పుట్టిన ఈ ఇరువురికిని తమ వంతే దారి చూపెను.

నాయుడుగారు 1923లో హోల్కరు మహారాజుగారి ఆహ్వానముపై ఇందూరునకు చేరిరి. 1926లో ఇంగ్లండునుండి గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు బొంబాయికి వచ్చెను. జింఖానా మైదానమున నాయుడుగారు రెండు గంటలలోపలనే 153 పరుగులు చేసిరి. అందు 11 సిక్సర్లు కలవు. ప్రత్యర్థులే సంతసించి వారికి వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు ఎవరితోనైనను సమానముగ ఆడగలరను నమ్మకము ఆ ఒక్కనాటి ఆటతో బలపడెను. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడెను. 1932లో మన దేశమునకు టెస్టు ఆడు అవకాశము లభించెను.

ఆ యాత్రకు పోర్‌బందరు మహారాజు నాయకుడు. కాని మొదటి టెస్టునాటికి ఆయన తప్పుకొనెను. ఉపనాయకుడు గాయపడెను. అందుచే 1932 జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమునకు భారత జట్టును నడిపించిన గౌరవము ఒక తెలుగువానికి దక్కెను. బంతిని ఆపబోయి నాయుడుగారు చేతికి గాయము చేసికొనిరి. ఐనను వారు రెండు వికెట్లు తీసిరి. ఆ చేతితోనే బ్యాటు పట్టి మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసిరి. జట్టులో ఎవరును అంతకు మించలేదు.

రెండవ ఇన్నింగ్సులో మరియొక విశేషము జరిగెను. వేగముగ బంతులు వేయు అమర్ సింగ్ తొమ్మిదవవాడుగ వచ్చి 51 పరుగులు చేసెను. భారతదేశము పక్షమున టెస్టులలో మొదటి అర్ధశతకము అదియే! పేరుపొందిన బ్యాటర్లు చేయలేని పనిని ఒక బౌలరు చేసెను. ఆ ఆటలో మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. కాని ఆ ఓటమిలో మనకు గర్వకారణమైనది ఆ బౌలరు బ్యాటే.

ఆ వేసవిలో నాయుడుగారు ఇంగ్లండునందు 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి. విజ్డెన్ గ్రంథమువారు వారిని 1933లో ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో చేర్చిరి. బర్మింగ్‌హాము మైదానము ప్రక్కన రే అను చిన్న నది పారును. ఆనాడు అది రెండు కౌంటీలకు ఎల్ల. నాయుడుగారు ఒక కౌంటీలో కొట్టిన సిక్సరు నది దాటి వేరొక కౌంటీలో పడెనని క్రికెట్ ప్రియులు చెప్పుకొందురు. నాలుగడుగులు వేసినంతనే రాష్ట్రపు ఎల్ల దాటు యానాము వాసులకు ఇందలి వినోదము వేరుగ వివరింపనక్కరలేదు.

నాయుడుగారు తమకు దక్కిన అవకాశమును ఇతరులకును కల్పించిరి. ఇందూరు బాలుడైన ముష్తాక్ అలీని వారే గుర్తించి తీర్చిదిద్దిరి. అతడు 1934లో కలకత్తా టెస్టున ప్రవేశించినది ముఖ్యముగ ఎడమచేతి స్పిన్ బౌలరుగనే. రెండేండ్లకు మాంచెస్టరులో మొదటి బ్యాటరుగ వచ్చి 112 పరుగులు చేసెను. విదేశమున టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడు అతడే.

ఆ 1936 యాత్రకు విజయనగరము మహారాజకుమారుడు నాయకుడు. ఓవల్ మైదానమున జరిగిన చివరి టెస్టులో అలెన్ వేసిన బంతి నాయుడుగారి రొమ్మునకు బలముగ తగిలెను. వారు బాధను దిగమ్రింగి, మైదానము విడువక 81 పరుగులు చేసిరి. టెస్టులలో వారి అత్యధిక స్కోరు అదియే. వారి చివరి టెస్టును అదియే. ఏడు టెస్టులలో వారు 350 పరుగులు చేసి, 9 వికెట్లు తీసిరి.

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. వారి నాయకత్వమున హోల్కరు జట్టు రంజీ ట్రోఫీని నాలుగు మారులు గెలుచుకొనెను. 1945-46 తుదిపోటీలో, ఏబది యేండ్ల వయసున, వారు బరోడాపై 200 పరుగులు చేసిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన ఏడాదియే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో అడుగిడగా, దానికి మొదటి నాయకులుగ నిలిచినది నాయుడుగారే. 1956లో ప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 1967 నవంబరు 14వ తేదీన వారు ఇందూరులో పరమపదించిరి. ప్రథమశ్రేణి ఆటలలో వారు చేసినవి 11,825 పరుగులు, తీసినవి 411 వికెట్లు. ఈ రెండు సంఖ్యలలో ఏది తీసివేసినను నాయుడుగారు సగమే మిగులుదురు.

ఇక మన ప్రశ్నకు వత్తము. బౌలరుకు బదులు వేరొకరిని దింపు పద్ధతి మన దేశమునకును వచ్చినది. ఇంపాక్ట్ ప్లేయరు అను నియమమును 2022లో మొదట పరీక్షించినది ముష్తాక్ అలీ పేరిట జరుగు పోటీలలోనే యగుట విధివిలాసము! 2023లో దానిని ఐ.పి.ఎల్. పోటీలలోను ప్రవేశపెట్టిరి. టెస్టు క్రికెట్టులో మాత్రము బౌలరును తన వంతు బ్యాటు పట్టును.

ఒకే విద్యలో ఆరితేరుట తప్పు కాదు. బేబ్ రూత్ సయితము తుదకు ఒకదానినే ఎన్నుకొనెను. కాని ఆ ఎన్నిక రెండును చేసి చూచిన పిదప జరిగినది. ప్రావీణ్యము అవకాశము తరువాత రావలెను గాని ముందు రారాదు. బౌలరు తన వంతున సున్నకే అవుటయినను జట్టుకు పోవునది ఒక వికెట్టే. వాని వంతునే తీసివేసినచో, పోవునది ఏమో ఎన్నటికిని తెలియదు.

తలిదండ్రులారా! తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు గణితపు పోటీ ఏల, పుదుచ్చేరిలో జరుగు ఆటల పోటీ ఏల అని మనమే వారి వంతును వేరొకరికి ఇచ్చివేయరాదు. విద్యార్థులారా! రేపు సాయంకాలము బంతులు వేసి అలసిన మీ చెలికానికి, చీకటి పడకమునుపే బ్యాటు అందింపుడు. వాడు ఎన్ని పరుగులు చేయునో వానికే తెలియదు.