హైదరాబాద్ గల్లీ నుంచి ఏషియాడ్ బంగారం దాకా: రహీం సాబ్ జీవితం

ఈమధ్య ‘మైదాన్’ సినిమా వచ్చాక మన పిల్లల నోట సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినిపిస్తోంది. అంతకుముందు పాతబస్తీ పెద్దలకు తప్ప చాలామందికి ఆయనెవరో తెలీదు. భారత ఫుట్‌బాల్‌కు రెండు ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఆయన.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, ఫుట్‌బాల్ ఆడి, బడి పంతులయ్యారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. పిల్లల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పే అలవాటు ఆయనకు బడిలోనే వచ్చింది. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

1951లో మొదటి ఏషియాడ్‌కు ఢిల్లీయే వేదిక. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి రహీం సాబ్ జట్టు బంగారం గెలిచింది. ఆ తర్వాతి ఏళ్లలో సర్కారు కూడా ఆటల వైపు చూసింది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో శిక్షణ పథకం, 1954లో అఖిల భారత క్రీడా మండలి, 1961లో పటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ సంస్థ వచ్చాయి.

రహీం సాబ్ మాత్రం పథకాల కోసం ఎదురుచూడలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదని, బలంలేని కాలితోనే కొట్టాలని షరతులు పెట్టి పిల్లలకు పోటీలు నడిపారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయి కూడా ఉండేది కాదు. రోజుకో రూపాయి ఇచ్చి ఆయన్ని మైదానానికి రప్పించింది రహీం సాబే. అదే బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడారు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఏషియాడ్. అప్పటికే ఆయనకు క్యాన్సర్. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని మన అధికారి ఒకరు తప్పుబట్టారు. దాంతో స్టేడియంలో జనమంతా మన జట్టుపై కేకలు వేశారు. ఆ హోరులోనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం తెచ్చారు. తర్వాతి ఏడాది జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటినుంచి ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు.

1982లో ఏషియాడ్ మళ్లీ ఢిల్లీకి వచ్చింది. పెద్ద స్టేడియాలు కట్టారు. ఆ ఊపులోనే 1984లో తొలి జాతీయ క్రీడా విధానం, వాటి నిర్వహణ చూడడానికి స్పోర్ట్స్ అథారిటీ వచ్చాయి. చిన్న పిల్లల్లో ప్రతిభను వెతికే పథకం కూడా మొదలైంది. అంతా మంచిదే. కానీ సొంత గడ్డపై మన ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్ ఫైనల్‌లోనే సౌదీ చేతిలో ఓడిపోయింది. 2017లో అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగినప్పుడు కోటీ పది లక్షల మంది పిల్లల్ని ఫుట్‌బాల్ వైపు తేవాలని ఒక కార్యక్రమం పెట్టారు. 2025లో వచ్చిన కొత్త క్రీడా విధానం 2036 ఒలింపిక్స్ మీద కన్నేసింది.

పెద్ద పోటీలు వస్తే డబ్బు వస్తుంది, స్టేడియం వస్తుంది, కాగితం మీద విధానం వస్తుంది. ఆటగాడు మాత్రం గల్లీలోంచే రావాలి. ఆ గల్లీలో పిల్లాణ్ని గుర్తుపట్టే ఉస్తాద్, ఆడుకోవడానికి కాస్త ఖాళీ జాగా, సైకిల్ కిరాయికి ఒక రూపాయి ఉండాలి. మన బస్తీల్లో ఆ ఖాళీ జాగాలు ఎన్ని మిగిలాయో ఒకసారి లెక్కేసుకుందాం. రహీం సాబ్‌ను గుర్తుచేసుకోవడమంటే అదే.