పియరీ క్యూరీ

రేడియమును కనుగొనిన క్యూరీ దంపతుల పేరు వినని విద్యార్థి యుండడు. కాని ఆ ఘనకార్యమునకు తోడ్పడిన ఒక స్ఫటికపు పలకను గూర్చి యెరిగినవారు కొందరే.

పియరీ క్యూరీ 1859వ సంవత్సరము మే 15వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఒక్క విషయమునందే మనసు నిలిపి నిదానముగా ఆలోచించు ఈ బాలునకు బడి చదువు సరిపడదని తలచి, తండ్రి ఇంటివద్దనే విద్య నేర్పించెను. పియరీ పదునెనిమిదవ యేట పట్టభద్రుడయ్యెను. ఇంట కలిమి లేనందున వెంటనే పైచదువు సాగింపక, ప్రయోగశాలలో సహాయకుడుగా చేరెను.

1880లో అతడును అన్న జాక్‌యును కలిసి, క్వార్ట్జ్ అనెడి పలుగురాతి స్ఫటికమును తగిన దిశలో అదిమినచో దానిపై విద్యుదావేశము పుట్టుననియు, ఒత్తిడి హెచ్చినకొలది ఆవేశమును హెచ్చుననియు కనుగొనిరి. ఇదియే పీడన విద్యుత్తు. మరుసటి యేట, విద్యుత్తును ప్రయోగించినచో స్ఫటికము సాగుటయు కుంచించుకొనుటయు కలదని నిరూపించిరి. ఈ గుణము ఆధారముగా అత్యల్ప విద్యుత్తును సైతము కొలుచు సాధనమును నిర్మించిరి.

1895లో పియరీ మేరీని వివాహమాడెను. ఆమె పోలెండు దేశీయురాలు. ఆమె బాల్యమున ఆ దేశము పరాయి యేలుబడిలో నుండుటచే, వార్సా బడులలో మాతృభాషకు మారుగా రష్యను భాషయే బోధనాభాషగా విధింపబడెను. ఖనిజముల నుండి వెలువడు కిరణములను ఆమె కొలిచినది ఆ క్వార్ట్జ్ సాధనముతోనే. ఒక ఖనిజము యురేనియముకంటె హెచ్చు ప్రభావము చూపగా, అందు క్రొత్త మూలకము దాగియున్నదని ఆమె గ్రహించెను. పియరీ తన స్ఫటిక పరిశోధనను విడిచి ఆమెకు తోడయ్యెను. 1898లో పొలోనియము, రేడియము బయల్పడినవి. మొదటిదానికి ఆమె మాతృదేశము పేరే పెట్టిరి. రేడియమును వేరుచేయు శ్రమలో పెక్కు దినములు వానకు కారెడి పాకలోనే గడచినవి. 1903లో ఆ దంపతులు బెకరెల్‌తో కలిసి నోబెల్ బహుమానము పొందిరి. ప్రభుత్వము ఇవ్వజూపిన బిరుదును మాత్రము పియరీ వలదనెను. అతడు కోరినది ప్రయోగశాలయే. 1906 ఏప్రిల్ 19న, వాన కురియుచుండగా, పారిస్ వీధిలో గుఱ్ఱపుబండి క్రిందబడి నలువదియారేండ్లకే అసువులు బాసెను.

అతని శిష్యుడైన లాంజివెన్ మొదటి ప్రపంచయుద్ధకాలమున క్వార్ట్జ్ పలకలచే నీటిలో ధ్వనితరంగములు పుట్టించి, జలాంతర్గాములను వెదకు మార్గము చూపెను. 1969లో జపాను శాస్త్రజ్ఞుడు కవాయి, ఒకజాతి ప్లాస్టిక్ పొరను సాగదీసి బలమైన విద్యుత్ క్షేత్రమునందుంచినచో దానికిని ఈ గుణము మిక్కిలిగా అబ్బునని తెలిపెను. కాగితమువలె వంగెడి ఆ పొరను యంత్రముపై అంటించినచో, యంత్రము అదిరినపుడెల్ల పొరయు సాగి ముడుచుకొని, ఆ మేరకు విద్యుత్తును పుట్టించును. అదురు మారినచో విద్యుత్తును మారును. లోపము ముదురకముందే తెలియవచ్చును.

విద్యార్థులారా! పలుగురాతిని అదిమి చూచిన దినమున ఆ సోదరులు రేడియమును గాని ఈ పలుచని పొరను గాని తలచి యుండరు. చేతనున్న చిన్న పనిని తప్పులేకుండ కొలిచి చూచిరి. ఆ కొలత నేటికిని లోకమునకు ఉపకరించుచున్నది.