నలభై రెండవ ఏట తెరచుకొన్న ద్వారం

క్రికెట్‌లో బౌలర్‌కు ఎంతటి ప్రాముఖ్యమున్నదో, అమెరికా ప్రజల అభిమాన క్రీడయైన బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌కు అంతకు మించిన ప్రాముఖ్యమున్నది. అతడు మైదానంలో ఉన్నంతసేపూ తన జట్టు పక్షాన ప్రతి బంతినీ అతడే విసరాలి. అట్టి పిచర్లలో అగ్రగణ్యుడు సాచెల్ పేజ్.

ఆయన 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ఒక నిరుపేద నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు లీరాయ్. తండ్రి తోటమాలి. తల్లి ఇతరుల బట్టలుతికి పిల్లలను పోషించింది. బాల్యంలో రైల్వే స్టేషనులో ప్రయాణికుల సంచులను ఒక కర్రకు వేలాడదీసి మోసేవాడు. సంచి అనే అర్థం గల సాచెల్ అన్న పేరు అందువల్లనే వచ్చిందని ఆయన చెప్పుకొనేవాడు. 1918లో చిల్లర దొంగతనం నేరంపై ఆ బాలుణ్ణి మౌంట్ మెగ్స్‌లోని బాలనేరస్థుల పాఠశాలకు పంపారు. అక్కడ గడిపిన అయిదేండ్లలో ఒక శిక్షకుడు అతనిలోని ప్రతిభను గుర్తించి, బంతి విసరడంలోని మెలకువలు నేర్పాడు. శిక్షగా లభించిన చోటే విద్యాలయమయింది.

1926లో పేజ్ వృత్తి క్రీడాకారుడయ్యాడు. అయితే ఆనాడు ప్రధాన లీగులలో నల్లవారికి ప్రవేశం లేదు. నల్లజాతీయులు తమకు తామే నీగ్రో లీగులు నెలకొల్పుకొన్నారు. పేజ్ బర్మింగ్‌హామ్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ జట్లలో ఆడాడు. ప్రదర్శన పోటీలలో ప్రధాన లీగుల మేటి ఆటగాళ్ళు ఆయన బంతిని ఎదుర్కొనలేక తడబడేవారు. అయినా ఆయనకు వారి లీగులో చోటు లేదు, అనేక హోటళ్ళలో పడుకొనుటకు గది కూడా లేదు. 1938లో మెక్సికోలో ఆడుతుండగా చేయి దెబ్బతిన్నది. ఆయన పని ముగిసిందనే అందరూ భావించారు. కాన్సాస్ సిటీ మొనార్క్స్ యజమాని విల్కిన్సన్ మాత్రం ఆదరించి అవకాశమిచ్చాడు. మరుసటి ఏటికి చేతికి మునుపటి సత్తువ వచ్చింది.

1947లో జాకీ రాబిన్సన్ ప్రధాన లీగులో అడుగుపెట్టి జాతిభేదపు గోడను ఛేదించాడు. ఆ మొదటివాడు తాను కాలేకపోయానన్న వ్యథ పేజ్‌ను బాధించింది. 1948లో, సరిగ్గా తన నలభై రెండవ జన్మదినాన, క్లీవ్‌లాండ్ ఇండియన్స్ జట్టు ఆయనను చేర్చుకొన్నది. ఇదంతా ప్రచారార్భాటమని కొందరు ఆక్షేపించారు. ఆయన ఆరు ఆటలు గెలిపించి, ఒక్కటి మాత్రమే ఓడాడు. ఆ ఏడు ప్రపంచ సిరీస్ విజయం క్లీవ్‌లాండ్‌నే వరించింది. 1965లో, యాభై తొమ్మిదవ ఏట, మరొకసారి మైదానంలో దిగి మూడు ఇన్నింగ్సులలో ప్రత్యర్థులకు ఒక్క పరుగైనా ఇవ్వలేదు.

1971లో బేస్‌బాల్ కీర్తి మందిరం ఆయనను గౌరవించింది. నీగ్రో లీగుల వారికి అక్కడ కూడా ప్రత్యేక విభాగం కేటాయించాలని తొలుత తలచారు. నిరసనలు చెలరేగగా సమాన స్థానమే ఇచ్చారు. 1982 జూన్ 8న ఆయన కాన్సాస్ సిటీలో కన్నుమూశాడు. నీగ్రో లీగులకు ప్రధాన లీగు హోదా లభించినది 2020లో.

ఆయన యౌవనంలోని ఇరవై యేండ్లను ఈ గౌరవాలేవీ తిరిగి తేలేవు. ద్వారం మూసినవారు ఆయనకే గాక, తమ ఆటకు కూడా నష్టం కలిగించారు. చేతిని సిద్ధంగా ఉంచుకొనడం యువకుల విధి, ద్వారాన్ని సకాలంలో తెరవడం పెద్దల విధి. పేజ్ తన విధిని నెరవేర్చాడు.