సాయానికీ ఓ లెక్కుండాలన్న వకీలమ్మ

మా లక్సెట్టిపేట పక్కనుంచి పారే గోదావరే కిందికి పోయి రాజమండ్రిని తాకుతుంది. ఆ రాజమండ్రిలో 1909 జూలై 15న దుర్గాబాయి గారు పుట్టారు. బాలవాడి, కుట్టు సెంటర్, మహిళా మండలి అన్న మాటలు పల్లెటూళ్లకు కూడా అలవాటయ్యాయంటే, దాని వెనక ఆవిడ శ్రమ చాలా ఉంది.

ఎనిమిదో ఏటనే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకున్నారు. పన్నెండేళ్లకే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసిన పిల్ల ఆవిడే!

ఉప్పు సత్యాగ్రహంతో జైలు జీవితం మొదలైంది. అక్కడ తోటి ఆడ ఖైదీలను చూశారు. చదువు లేదు, చట్టం తెలియదు, తమ తరఫున మాట్లాడే మనిషి లేడు. వకీలు కావాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. బయటికొచ్చి, చిన్నప్పుడు ఆగిపోయిన చదువును మెట్రిక్ నుంచి మళ్లీ అందుకున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1942లో లా పూర్తిచేసి కోర్టులో నిలబడ్డారు. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు.

ఇంత చేసినా 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారేమో. ఆవిడ ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. అమెరికాతో సాంకేతిక సహకార ఒప్పందం కుదిరి, ఆ తోడ్పాటుతో 55 సమాజాభివృద్ధి ప్రాజెక్టులు మొదలైన సంవత్సరం కూడా అదే. డబ్బు బయటిదైనా, సర్కారుదైనా, పల్లెలో ఉన్న ఆడమనిషి దాకా ఎలా చేరాలి? ఆవిడ పట్టుకున్న ప్రశ్న అదీ.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ము పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి గారే మొదటి అధ్యక్షురాలు. అదే ఏడాది జనవరిలో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్లాడారు. బోర్డులో ఆఫీసర్ల కంటే సేవ చేసే ఆడవాళ్లకే ఎక్కువ చోటు. డబ్బు కావాలన్న సంస్థ లెక్కలు చూపాలి, తన వంతూ కొంత వేసుకోవాలి. చేయి చాచడం అలవాటు కావద్దు, తన కాళ్లమీద తాను నిలబడాలి. వకీలు బుద్ధి అంటే అదేనేమో!

1958లో మొదలైన కుదించిన కోర్సులైతే ఎందరికో వరం. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లు, వితంతువులు, మొగుడొదిలేసినవాళ్లు రెండేళ్లలో పరీక్షకు కూర్చుని, నర్సుగానో టీచరుగానో నాలుగు రూకలు సంపాదించుకున్నారు. తాను పడ్డ కష్టం ఇంకొకరు పడొద్దన్నది ఆమె ఆలోచన.

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు. 2022లో ఆ బోర్డునూ మూసేశారు. బోర్డు పోయినా ఆవిడ నేర్పిన పద్ధతి పోవద్దు. మన సంఘానికి లోను వచ్చినా, గ్రాంటు వచ్చినా, వేలిముద్రో సంతకమో పెట్టేముందు ఆ కాగితంలో ఏముందో చదివించుకుందాం. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని నలుగురిలో అడుగుదాం. అడిగితే తప్పేముంది చెప్పండి?