పిల్లలకు స్కాన్ ఇంజెక్షన్ డోసు ఎందుకు తగ్గిస్తారు? ట్రేసర్ ఆద్యుడు హెవెసీ కథ ఇదీ!

తిరుపతి స్విమ్స్‌లోని న్యూక్లియర్ మెడిసిన్ లాంటి విభాగాల్లో స్కాన్‌కు ముందు ఓ ఇంజెక్షన్ ఇస్తారు. అందులో ఉండేది ట్రేసర్. అంటే కొద్దిపాటి రేడియేషన్ ఇచ్చే మందు. అది ఒంట్లో ఎక్కడ చేరిందో స్కానర్ పట్టేస్తుంది. ఈ ఆలోచనకు ఆద్యుడు జార్జ్ డి హెవెసీ.

1885లో బుడాపెస్ట్‌లో పుట్టిన హెవెసీ, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరారు. సీసంలో కలిసిపోయిన రేడియం-డి ని విడదీయాలన్నది ఆయనకు అప్పగించిన పని. ఎంత కష్టపడ్డా కుదరలేదు. ఎందుకంటే రేడియం-డి కూడా సీసమే! విడిపోనిదాన్ని ఆనవాలుగా వాడొచ్చు కదా అని అప్పుడే తట్టింది. ఓటమే మలుపైంది.

1923లో చిక్కుడు జాతి మొక్క సీసాన్ని ఎలా పీల్చుకుంటుందో ఇలాగే కనిపెట్టారు. సీసం విషమే అయినా, ట్రేసర్ కాబట్టి అతి తక్కువ మోతాదే సరిపోయింది. 1935లో కోపెన్‌హాగన్‌లో ఎలుకలకు రేడియో ఫాస్ఫరస్ ఇచ్చి, ఎముకలు కూడా నిత్యం మారుతుంటాయని చూపించారు. 1943 కెమిస్ట్రీ నోబెల్ ఆయనదే. 1966లో కన్నుమూశారు.

తక్కువతోనే పని జరగాలన్న ఆ సూత్రం ఇప్పుడు పిల్లలకు మరీ ముఖ్యం. పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్‌డీజీని పెద్దలకిచ్చినంతే ఏడాది పాపకిస్తే, పాపకు పడే రేడియేషన్ డోసు సుమారు 5 రెట్లు. అందుకే బరువును బట్టి మందు తగ్గిస్తారు. పైగా అందులోని ఫ్లోరిన్-18 రేడియేషన్ ప్రతి 110 నిమిషాలకూ సగమవుతుంది.

చిత్తూరు నుంచి బిడ్డను స్కాన్‌కు తీసుకెళ్తున్నారా? భయపడి మానేయొద్దు. బరువు మాత్రం అక్కడే సరిగ్గా తూయించండి.