లైమన్ స్టీవర్ట్ - నూనె బావుల భక్తుడు

మన మండవల్లికి ఆనుకొనియున్న కైకలూరు, లింగాల ప్రాంతాలలో ఓ.ఎన్.జి.సి. వారు బావులు తవ్వి నూనె, గ్యాసు తీసిన సంగతి మనకు తెలుసు. భూమి అడుగున ఏమున్నదో తవ్వితే గాని తెలియదు. తవ్వినా ఒక్కొక్కప్పుడు మట్టే మిగులుతుంది. ఇటువంటి వ్యాపారంలో యావజ్జీవితం గడిపి, వచ్చిన ధనాన్ని ప్రభువు పనికి ధారపోసిన లైమన్ స్టీవర్ట్ గారిని గూర్చి మన సంఘస్థులు తెలుసుకొనదగియున్నది.

ఆయన 1840 జూలై 22న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, భక్తిగల ప్రెస్బిటీరియన్ కుటుంబంలో జన్మించారు. తండ్రిది తోళ్లు పదును చేసే వృత్తి. కుమారునికి ఆ పని గిట్టలేదు. మిషనరీగా వెళ్లవలెనని తలంచి 125 డాలర్లు కూడబెట్టుకున్నాడు. 1859లో వారి ఊరికి సమీపమున టైటస్‌విల్‌లో డ్రేక్ బావి నుండి నూనె పడింది. ఆ రోజుల్లో నూనె అంటే ముఖ్యంగా దీపాలకు కిరసనాయిలే. పందొమ్మిదేండ్ల ఆ యువకుడు మిషనరీ సొమ్మంతా ఒక నూనె భూమిలో ఎనిమిదో వంతు వాటాకు పెట్టాడు. తవ్వకానికి భాగస్థులవద్ద డబ్బు లేక అదంతా పోయింది. పిమ్మట అంతర్యుద్ధంలో సైనికుడుగా పనిచేసి తిరిగివచ్చి, మళ్లీ నూనెలోనే గడించి, దానినీ వ్యవసాయ యంత్రాల కంపెనీలో పోగొట్టుకున్నాడు.

1883లో, నలుబది మూడేండ్ల వయస్సులో, కాలిఫోర్నియా చేరి మిత్రుడు వాలెస్ హార్డిసన్‌తో కలసి మొదటినుండి ఆరంభించారు. తొలి బావులు వరుసగా ఎండిపోయాయి. అప్పులు పెరిగాయి. అయినా వదలలేదు. 1890లో శాంటాపౌలా పట్టణంలో థామస్ బార్డ్ గారి కంపెనీలతో కలసి యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపించారు. బార్డ్ గారు జాగ్రత్తపరులు. స్టీవర్ట్ గారు వచ్చినదంతా కొత్త భూములకు, శుద్ధి కర్మాగారాలకు పెట్టవలెననేవారు. వారిద్దరికీ పొసగలేదు. 1894లో స్టీవర్ట్ గారే అధ్యక్షులైనారు. రైలింజన్లకు బొగ్గుకు మారుగా నూనె వాడించుటకు పాటుపడ్డారు. రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ చిన్న కంపెనీలను ఒక్కొక్కటిగా మింగుతున్న కాలంలో తన కంపెనీని స్వతంత్రంగా నిలబెట్టుకొనుట సామాన్యమైన పని కాదు.

1910 మార్చిలో ఆ కంపెనీవారి లేక్‌వ్యూ బావి అదుపు తప్పి పొంగింది. సుమారు పద్దెనిమిది నెలలు ఆగలేదు. దాదాపు 90 లక్షల పీపాల నూనె వెలువడగా, సగానికి పైగా నేలపాలైంది. 1995లో కోనసీమలో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన వైనం ఎరిగిన మనకు ఆ భయం వేరుగా చెప్పనక్కరలేదు.

సరిగా అదే సంవత్సరంలో ఆయన, ఆయన సోదరుడు మిల్టన్ గారు కలసి క్రైస్తవ విశ్వాస మూలసూత్రములపై "ది ఫండమెంటల్స్" అను గ్రంథమాలను ఆరంభించారు. 1915 వరకు పన్నెండు సంపుటములు వెలువడగా, సుమారు 30 లక్షల ప్రతులు లోకమంతటా పాదిరులకు, మిషనరీలకు ఉచితంగా పంపబడ్డాయి. దాతల పేర్లు మాత్రం వాటిపై ముద్రింపలేదు. ఆ గ్రంథముల పోకడతో ఏకీభవించని భక్తులు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. కాని పేరు కోరని ఆ దాతృత్వమును ఎవరూ కాదనలేరు.

అంతకుముందే 1891లో లాస్ ఏంజలిస్‌లో నిరుపేదల కొరకు రెస్క్యూ మిషన్‌ను, 1908లో టి.సి. హార్టన్ గారితో కలసి బయోలా బైబిలు పాఠశాలను స్థాపించియున్నారు. ఇంత చేసినా, కంపెనీలో డబ్బు కటకటగా ఉన్నప్పుడు కూడా కొత్త భూములు కొనే ఆయన సాహసమే డైరెక్టర్లను కలవరపెట్టేది. పోగొట్టుకొన్న ఆ 125 డాలర్ల బాకీ దేవునికి తీర్చవలెనని ఆయన తొందరపడినట్లు నాకు తోచును. 1914లో అధ్యక్ష పదవి విడువగా కుమారుడు విలియం ఆ స్థానంలోకి వచ్చాడు.

1923 సెప్టెంబరు 28న ఆయన ప్రభువునందు నిద్రించారు. కంపెనీ 2005లో షెవ్రాన్‌లో కలసిపోయింది. బయోలా నేడు విశ్వవిద్యాలయమైంది. లాస్ ఏంజలిస్ మిషన్‌లో ఇల్లులేని వారికి ఇప్పటికీ అన్నం పెడుతున్నారు.